క్రిస్మస్ కానుకలు – ఇంటి పద్దు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవంబరు నెల నాలుగవ గురువారమున థాంక్స్‌గివింగ్ విందు ముగిసిన మరునాటి నుండి, డిసెంబరు 24వ తేదీ రాత్రి కడపటి దుకాణము మూయబడు వరకును గల నెల దినముల కాలములో, ఆ దేశపు జనులు కానుకల నిమిత్తము ఎంత సొమ్ము వెచ్చింపదలచుచున్నారో తెలిసికొనుటకై గాలప్ అను ప్రజాభిప్రాయ సేకరణ సంస్థ ఏటేట ఒక ప్రశ్న అడుగుచుండును. 2024 అక్టోబరులో ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానముల సగటు మనిషికి 1,014 డాలర్లు. ఇందు భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకొనునవి, అన్నదమ్ములకును మిత్రులకును ఇచ్చునవి కూడ చేరియున్నవి గాని, చిన్నబిడ్డలున్న ఇంట ఆ మొత్తములో పెద్దపాలు ఎవరి కొరకు వ్యయమగునో తలిదండ్రులైన వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దేశపు కేంద్రప్రభుత్వము 2009 నుండి మార్పక నిలిపియుంచిన కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు. పెక్కు రాష్ట్రములు అంతకు మించి విధించినవి. అయినను ఆ కనీస వేతనముతోనే కాలము గడపు కూలివాడొకడు సగటు మనిషి కొనునన్ని కానుకలు కొనదలచినచో, ఇంటి అద్దె, తిండి, పన్నులు అన్నియు మరచి, వారమునకు 40 గంటల చొప్పున మూడున్నర వారములు చేసిన పని కూలి యంతయు ఆ ఒక్క పండుగ ఉదయమునకై ధారపోయవలసి యుండును.

ఈ లెక్కను మీ ముందుంచుట పరదేశీయులను దుబారా మనుష్యులని ఆక్షేపించుటకు గాదు. రెక్కాడినగాని డొక్కాడని తల్లి, తనకు చలికోటు లేకున్నను, అప్పు చేసియైనను, బిడ్డకు ఖరీదైన ఆటయంత్రమును కొని తెచ్చుటకు ఏ బలము ఆమెను ప్రేరేపించుచున్నదో విచారించుట నా యుద్దేశము. బిడ్డ యడిగినది గనుక తల్లి కొన్నదని సామాన్యముగ చెప్పుదురు. నేను చదివిన చరిత్రయు, సమాజశాస్త్రజ్ఞుల పరిశీలనలును నన్ను వేరొక నిర్ణయమునకు చేర్చినవి. ఆ సొమ్ములో ఆటవస్తువునకు చెందునది కొంత మాత్రమే. తక్కినదంతయు, తన బిడ్డ తోడిపిల్లల నడుమ తలవంచుకొని నిలువరాదను కోరికకు తల్లి చెల్లించు వెల.

కానుక యనునది ఈ పండుగకు ఆది నుండియు నేటి రూపముననే అంటియున్నదని తలచువారు గలరు. ఆ సంప్రదాయమునకు మూలపురుషుడుగా ఎన్నబడు నికొలస్, క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున, నేటి తుర్కీ దేశపు దక్షిణతీరమునందలి మైరా పట్టణమునకు బిషప్పుగా నుండినవాడు. ఆయనను గూర్చిన ఐతిహ్యములలో మిక్కిలి ప్రసిద్ధమైన దానియందు, ముగ్గురు కుమార్తెలకు కట్నమియ్యలేక, వారిని పాపపు బ్రతుకునకు అప్పగింపవలసిన దుర్గతికి జారిన ఒక తండ్రి యింట, రాత్రివేళ ఎవ్వరికిని తెలియకుండ, ఆయన బంగారపు మూటలను కిటికీ గుండ జారవిడిచెనని చెప్పుదురు. కట్నపు చింత ఎట్టిదో ఎరిగిన మన తెలుగు గృహస్థులకు ఈ కథ సులభముగనే హృదయమునకెక్కును. ఆ బంగారము చిన్నపిల్ల వినోదమునకై ఇచ్చినది కాదు; బిడ్డలకు ఏమియు ఈయలేని తండ్రిని నలుగురిలో సిగ్గునుండి కాపాడినది. అట్టి మహనీయుని పేరిట జరుగు పండుగలో నేడు పేద తండ్రులే సిగ్గుతో క్రుంగవలసి వచ్చుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

అట్లాంటిక్ సముద్రమును దాటి వచ్చి అమెరికాలో స్థిరపడిన ప్యూరిటన్ మతస్థులకు క్రిస్మస్ పండుగయే గిట్టలేదు. 1659లో మసాచుసెట్స్ వలసరాజ్యపు శాసనసభ, ఆ దినమున పని మాని గాని, విందు చేసి గాని పండుగ జరుపువారికి అయిదు షిల్లింగుల జుల్మానా విధించెను. 1681లో ఆ శాసనము రద్దయినను అనాదరము మాత్రము చాలకాలము నిలిచియుండెను. ఇంగ్లండునను, తక్కిన వలసలయందును క్రిస్మస్ అనగా పెద్దవారి పండుగ, వీధి పండుగ. కోతలు ముగిసి, కొత్త మాంసమును కొత్త మద్యమును సిద్ధమై, పని తక్కువగా నుండు ఆ చలికాలపు దినములలో కూలివారును, పనివారును, వృత్తి నేర్చుకొను కుర్రవాండ్రును గుంపులుగ కూడి, పాటలు పాడుకొనుచు ధనవంతుల వాకిళ్లకు పోయి, తిండిని, పానీయమును, కొంత డబ్బును హక్కుగా అడిగి పుచ్చుకొనెడివారు. ఈ విషయమును స్టీఫెన్ నిస్సెన్‌బామ్ అను చరిత్రకారుడు 1996లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగ నిరూపించెను. ఆయన చెప్పిన దానిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన అంశమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున న్యూయార్కు నగరము పెరిగి, వీధిలో పేదల గుంపులు ధనికులకు భయంకరములుగ తోచిన కాలమున, ఆ ధనికులు తమ తలుపులు మూసికొని, పండుగను ఇంటిలోనికి తెచ్చుకొనిరి. వాకిట నిలిచిన పేదవానికి పోవలసిన కానుక, ఇంటిలోని బిడ్డ చేతికి వచ్చినది. దాత పెద్దవాడు, గ్రహీత చిన్నవాడు అను క్రమము చెడలేదు. చిన్నవాడను మాటకు పేదవాడను అర్థము పోయి పసివాడను అర్థము మాత్రము మిగిలినది.

1823 డిసెంబరు 23న న్యూయార్కు రాష్ట్రమునందలి ట్రాయ్ పట్టణపు పత్రిక యొకటి, సెయింట్ నికొలస్ ఆగమనమును వర్ణించు పద్యమును కవి పేరు లేకుండ ప్రచురించెను. అది తరువాత క్లెమెంట్ క్లార్క్ మూర్ అను హీబ్రూ పండితుని పేరిట ప్రసిద్ధికెక్కినది. లేళ్లు లాగు బండిలో వచ్చి, పొగగొట్టము గుండ దిగి, మేజోళ్లలో బొమ్మలు నింపిపోవు ఉల్లాసపు వృద్ధుడు ఆ పద్యము వలననే జనులకు చిరపరిచితుడయ్యెను. 1863 మొదలు థామస్ నాస్ట్ అను చిత్రకారుడు హార్పర్స్ వీక్లీ అను పత్రికలో వేసిన బొమ్మలు, మన క్రైస్తవ కుటుంబముల పిల్లలు క్రిస్మస్ తాత యని పిలుచు ఆ మూర్తికి రూపము దిద్దినవి. వర్తకులు వెనుకబడలేదు. న్యూయార్కులోని మేసీ దుకాణము 1867లో పండుగ ముందటి రాత్రి నడిరేయి వరకు తెరచియుండెను. 1874లో తన అద్దాల కిటికీలలో బొమ్మలను కొలువుదీర్చి వీధిలోని బిడ్డలను నిలువబెట్టెను. సియర్స్ సంస్థ 1933లో కేవలము క్రిస్మస్ కొరకే ఒక పట్టికను అచ్చువేసి ఇంటింటికి పంపెను. ఇక బిడ్డ దుకాణమునకు పోనక్కరలేదు; మంచముపై పడుకొని బొమ్మల పుటలు త్రిప్పుచు తనకు కావలసిన దానిచుట్టు పెన్సిలుతో సున్న చుట్టవచ్చును.

ఇదే కాలమున బిడ్డ యొక్క స్థానమే మారిపోయినది. వివియానా జెలిజర్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 1985లో వెలువరించిన గ్రంథమున, 1870కిని 1930కిని నడుమ అమెరికాలో బాలకార్మిక నిషేధము, నిర్బంధ విద్య మొదలైన వాని మూలమున, ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చిపెట్టు బిడ్డ పోయి, ఒక్క డబ్బును తేకున్నను వెల కట్టరాని బిడ్డ వచ్చెనని చెప్పినది. ఇది మానవజాతి సాధించిన గొప్ప అభ్యుదయములలో నొకటి. దానిని కించపరచు మాట నా నోట రాదు. అయితే వెల కట్టరాని దాని యెడ మన ప్రేమ ఎంతయో ఏ విధముగ చూపగలము? ఆ ప్రశ్నకు దుకాణదారుడు ముందుగనే సమాధానము సిద్ధము చేసి కూర్చున్నాడు.

బరువు మోయలేక నిట్టూర్చిన గొంతులు ఆనాడే వినవచ్చినవి. 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రపు కార్లైల్ పట్టణములోని బ్యాంకు ఒకటి, జనులు వారమువారము కొన్ని సెంట్లు దాచుకొని డిసెంబరులో మొత్తముగ తీసికొనుటకై క్రిస్మస్ క్లబ్బు అను పద్ధతిని ప్రారంభింపగా, అది కొలదికాలములోనే దేశమంతట వ్యాపించెను. 1912లో న్యూయార్కు నగరమున ఎలినార్ బెల్మంట్, యాన్ మోర్గన్ అను ఇరువురు స్త్రీలు పనికిమాలిన కానుకల నివారణకై ఒక సంఘమును స్థాపించిరి. దుకాణములలో పనిచేయు బీద యువతులు తమ పైయధికారులకు కానుకలు కొనుటకై చందాలు వేసికొనవలసి వచ్చుట ఆ సంఘము పుట్టుకకు ముఖ్యకారణము. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు సైతము అందులో సభ్యుడయ్యెను. ఆ యుద్యమము కొన్నియేండ్లకే సద్దుమణిగినది. 1939లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు, క్రిస్మస్ బేరముల కాలము పెంచుమని వర్తకులు కోరగా, థాంక్స్‌గివింగ్ పండుగనే ఒక వారము ముందునకు జరిపెను. కొన్ని రాష్ట్రములు ఆ మార్పును అంగీకరింపక పాత తేదీనే పాటింపగా, దేశములో రెండు తేదీల పండుగలు జరిగి గందరగోళము పుట్టినందున, 1941లో కాంగ్రెసు నాలుగవ గురువారమును శాసనముచే స్థిరపరచవలసి వచ్చెను. కానుకల వ్యాపారము ఒక జాతి పంచాంగమునే కదలింపగల శక్తిని గడించెననుటకు ఇంతకన్న నిదర్శన మేమి?

ఇక ముఖ్యవిషయమునకు వత్తును. పేద తలిదండ్రులు తమ తాహతునకు మించి ఖర్చు చేయుదురని విమర్శించు కలవారు ఎల్ల దేశములలోను గలరు. యాలిసన్ ప్యూ అను పరిశోధకురాలు కాలిఫోర్నియా రాష్ట్రపు ఓక్లండు నగరమున మూడేండ్లపాటు పిల్లల నడుమ, వారి తలిదండ్రుల నడుమ మెలగి, తాను చూచినది 2009లో గ్రంథముగ ప్రకటించెను. పిల్లలు బడిలో కూడినప్పుడు సంభాషణ అంతయు ఫలానా ఆటయంత్రము, ఫలానా బొమ్మ, ఫలానా యాత్ర అను వాని చుట్టు తిరుగుచుండును. ఆ వస్తువు లేని బిడ్డకు ఆ సంభాషణలో నోరు విప్పుటకు తావులేదు. నోరు విప్పలేని బిడ్డ ఆ గుంపులో ఉండియు లేనట్టిదే. ఇట్లు పిల్లల లోకమున మర్యాదకు ఒక మారకమున్నదని, ఆ మారకములో తమ బిడ్డ దివాలా తీయకుండ చూచుటకే పేద తల్లి తక్కిన అవసరములు తగ్గించుకొని ఆ ఒక్క వస్తువును కొనుచున్నదని ప్యూ గ్రహించినది. ధనవంతుల తీరు దీనికి విపర్యాసము. వారు బిడ్డకు సర్వమును సమకూర్చి, ఏదో యొక వస్తువును మాత్రము నిరాకరించి, తాము నిగ్రహము గలవారమని తృప్తి పొందుదురు. ఒకే వీధిలో ఆ నిరాకరణకు వివేకమను పేరును, పేద తల్లి కొనుగోలునకు అవివేకమను పేరును వచ్చుట న్యాయమేనా అని నేనడుగుచున్నాను. మన దేశమున పుస్తకములు కొనలేని తండ్రి, కొమార్తె బడిలో వార్షికోత్సవమునకు కొత్త పరికిణీ కుట్టించుటకు చేబదులు తెచ్చినప్పుడు, ఆ తండ్రి మనసును అర్థము చేసికొనని వారము కాముగదా.

ఆ మర్యాద విషయమున మరియొక చిక్కు కలదు. మంచిపిల్లలకు క్రిస్మస్ తాత కానుకలు తెచ్చునని, అల్లరిపిల్లలకు తేడని పసివారికి చెప్పుదురు. ఆ మాట నమ్మిన ఆరేండ్ల బిడ్డ సెలవుల తరువాత బడికి పోయినప్పుడు, పంతులమ్మ మంచి మనసుతోనే, ఎవరికేమి కానుక వచ్చినదో లేచి చెప్పుడనును. ఒకనికి సైకిలు, ఒకనికి ఆటయంత్రము, ఒకనికి రెండు జతల మేజోళ్లు. తాత యెవరో ఎరుగని ఆ మూడవ బిడ్డ ఏమని అనుకొనవలెను? తన తండ్రి పని పోయిన సంగతియు, అద్దె బాకీ సంగతియు అతనికి తెలియవు. తాను మంచివాడు కానందుననే తాత తనను ఉపేక్షించెనని నిర్ణయించుకొనుట తప్ప వేరు తర్కము ఆ పసి బుద్ధికి దొరకదు. దారిద్ర్యమును నేరముగ మార్చి బిడ్డ హృదయమున నాటు ఈ పొరపాటు ఎవ్వరును తలపెట్టి చేయునది కాదు గాని, దాని దెబ్బ తలపెట్టి కొట్టిన దెబ్బకు తక్కువది కాదు. తల్లి అప్పు చేసి సైకిలు తెచ్చుటకు ఇంతకన్న బలమైన హేతువు నాకు కనబడలేదు.

అప్పు సంగతి వచ్చినది గనుక ఇంగ్లండు దేశపు వృత్తాంతమును కొంత చెప్పవలసియున్నది. 1880లో బ్రాడ్‌ఫర్డు పట్టణమున జాషువా వాడిలవ్ అనునతడు కార్మిక కుటుంబములు బట్టలును బొగ్గులును కొనుటకు చీటీలిచ్చి, ఆ సొమ్మును వారమువారము ఇంటింటికి పోయి వసూలు చేసికొను ప్రావిడెంటు సంస్థను స్థాపించెను. ఇంటివాకిట వడ్డీకిచ్చు ఆ వ్యాపారము, ఎక్కువ వడ్డీకి పేరుమోసి, 140 ఏండ్లు సాగి 2021లో మూతపడినది. అట్టి వడ్డీకి జంకి, అప్పు చేయరాదని పట్టుపట్టిన తల్లులు మరియొక త్రోవ త్రొక్కిరి: ముందుగ దాచుకొనుట. మన ఊళ్లలో దీపావళి సరుకులకై నెలనెల చీటీ కట్టు గృహిణులకు ఈ పద్ధతిని వివరింపనక్కరలేదు. ఫేర్‌పాక్ అను సంస్థ తరఫున, ఇరుగుపొరుగున తెలిసిన స్త్రీయే వారమువారము అయిదో పదో పౌండ్లు పోగుచేసి పంపుచుండ, డిసెంబరు వచ్చునప్పటికి ఆ కుటుంబమునకు తినుబండారముల బుట్టయు, దుకాణములలో చెల్లు కూపన్లును ముట్టెడివి. 2006 అక్టోబరు 13న ఫేర్‌పాక్ ఐ.పి. పెట్టినది. అప్పు మాటయే ఎత్తక, ఏడాది పొడుగున కడుపు కట్టుకొని దాచిన లక్షకు పైబడిన కుటుంబముల సొమ్ము, మూడున్నర కోట్ల పౌండ్లకు మించినది, పండుగ రెండు నెలలలోనున్నదనగా మునిగిపోయినది.

ఆ సొమ్ము చట్టరీత్యా బ్యాంకు నిలువ కాదు. ఇంకను చేతికి రాని సరుకులకు ముందుగ చెల్లించిన వెల. కావున బ్యాంకులో దాచిన డబ్బునకుండు రక్షణ దానికి లేకపోయెను. మరింత దుఃఖకరమైన విషయ మేమనగా, వసూలు చేసి పంపిన స్త్రీలు తమ తల్లులకు, అక్కచెల్లెండ్రకు, పొరుగువారికి ముఖము చూపలేకపోయిరి. వారి సొంత పొదుపు కూడ అందులోనే పోయినది. దాతలు కూడి ఆ శీతకాలమునకు కొంత సహాయనిధి సమకూర్చిరి. లెక్కలన్నియు తేలి, తుదకు బాధితులకు చేరినది పౌండుకు సగము మేర మాత్రమే, అదియు ఏండ్ల తరువాత. ఇట్టి పొదుపు పథకముల సొమ్మును సంస్థ దివాలా నుండి విడదీసి కాపాడవలెనను నిబంధన బ్రిటిషు పార్లమెంటు 2024లో చేసిన వినియోగదారుల చట్టములో చేరినది. నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. పొదుపు చేయుడని పేదలకు నీతి బోధించువారు ఈ జాగును తలచుకొనవలెను.

ఇంత కష్టమునకు ఫలముగ బిడ్డకు కలుగు సుఖమెంత? జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అను అర్థశాస్త్రజ్ఞుడు యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులను విచారించి 1993లో వ్రాసిన వ్యాసమున, కానుక పొందినవారు దానికి కట్టిన విలువ, ఇచ్చినవారు పెట్టిన ఖర్చుకన్న పదియవ వంతు మొదలు మూడవ వంతు వరకు తక్కువగ నుండెనని లెక్కకట్టెను. దూరపు బంధువుల కానుకలలో నష్టము హెచ్చు. మనసెరిగిన మిత్రుల కానుకలలో తక్కువ. ప్రేమను త్రాసులో పెట్టరాదని దీనికి ఆక్షేపణ చెప్పవచ్చును, ఆ యాక్షేపణ సమంజసమే. అందువలన నేను దానికన్న చిన్నదైన మరియొక పరిశోధనకు హెచ్చు విలువ నిత్తును. ఒహాయో రాష్ట్రపు టొలీడో విశ్వవిద్యాలయమువారు నడక నేర్చిన 36 మంది పసివారిని, ఒకమారు నాలుగు బొమ్మలు గల గదిలోను, ఒకమారు 16 బొమ్మలు గల గదిలోను ఆడనిచ్చి చూచిరి. నాలుగు మాత్రమే యున్నప్పుడు బిడ్డ ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగ ఆడినది. పదునారు ఉన్నప్పుడు ఒకదానినుండి మరియొకదానికి తిరుగుటతోనే కాలము చెల్లినది. 2018లో ప్రకటితమైన ఈ ఫలితము, బిడ్డలను పెంచిన ఏ అమ్మమ్మకును వింతగ తోచదు. ప్రపంచములోని పిల్లలలో నూటికి మూడువంతులకు కొంచెము పైబడిన వారే అమెరికాలో నుండగా, ఆటవస్తువులలో నూటికి నలుబదివంతులు ఆ దేశమే కొనుచున్నదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖకు చెందిన పరిశోధకులు 2012లో వ్రాసిరి. వారు ఆ నగరమునందలి 32 కుటుంబముల ఇండ్లను గది గదియు పరిశీలించినవారు.

పిల్లలనే అడిగిన పరిశీలన యొకటి కలదు. సంపన్న దేశములలో బాలల క్షేమమును పోల్చి యూనిసెఫ్ 2007లో వెలువరించిన నివేదికలో బ్రిటన్ 21 దేశములలో అట్టడుగున నిలువగా, కారణమరయుటకై 2011లో ఆ సంస్థ బ్రిటన్, స్పెయిన్, స్వీడన్ దేశముల పిల్లలతోను కుటుంబములతోను మాట్లాడించెను. సంతోషకరమైన దినమనగా ఎట్టిదని అడుగగా మూడు దేశముల పిల్లలును చెప్పినవి ఒకే విధమైన మాటలు: ఇంటివారితో గడపు కాలము, స్నేహితులు, ఆరుబయట చేయుటకు ఏదైన పని. వస్తువుల పేరు వారెత్తలేదు. అయినను బ్రిటిషు తలిదండ్రులు, దీర్ఘమైన పనిగంటల వలన బిడ్డలతో గడపలేకపోయిన కాలమునకు బదులుగ వస్తువులు కొనుచుండిరని, కొనుట వ్యర్థమని వారికే తెలిసియు ఆగలేకపోవుచుండిరని ఆ పరిశీలన తెలిపినది. ఆ తలిదండ్రుల యెడ నాకు జాలియే గాని కోపము లేదు. కాలము ఈయలేని వాడు డబ్బు ఇచ్చును. డబ్బుకై పోయినవాడు కాలము ఈయలేడు.

మన తెలుగుదేశపు క్రైస్తవ కుటుంబములలో ఈ పండుగ చాలకాలము వేరొక మార్గమున నడచినది. గుంటూరు, కృష్ణ, గోదావరి, ప్రకాశము జిల్లాలలోను, తెలంగాణమున మెదకు ప్రాంతమునను, క్రిస్మస్ అనగా బిడ్డకు కొత్తబట్టలు, వెదురుబద్దలతోను రంగుకాగితముతోను కట్టిన నక్షత్రము, చలిలో ఇంటింటికి పోయి పాడు పాటల బృందము, అరిసెలు, ఇరుగుపొరుగు హిందూ ముస్లిము ఇండ్లకు పంచిపెట్టు పిండివంటలు. బట్ట అందరు పిల్లలకును ఒకనాడే వచ్చును. కానుక ఇచ్చినది ఇంటి పెద్దయే యని అందరికిని తెలియును. తాత తూకము దానిలో లేదు. మెదకులో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరవు కాలమున పేదలకు పని కల్పించి కట్టించిన పెద్దగుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనదన్న సంగతిని ఇచట స్మరించుట తగును. ఆ యేండ్లలో ఆ ప్రాంతపు బిడ్డలకు అందిన కానుక తండ్రి ఇంటికి తెచ్చిన కూలియే.

ఇప్పుడు పట్టణములలో ఆ రీతి మారుచున్నది. ఇక అమెరికాలో, టెక్సాసులోని ఫ్రిస్కోలోను, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోను స్థిరపడిన తెలుగు కుటుంబములు, క్రైస్తవులు గాని వారు సైతము, బడిలో తోడిపిల్లలు అడుగు ప్రశ్నకు తమ బిడ్డ ఊరకుండరాదని, ఇంట చెట్టు నిలిపి కానుకలు పేర్చుచున్నారు. అందులో తప్పేమియు లేదు. పొరుగువారి పండుగలో పాల్గొనుట సంస్కారమే. వారిలో పెక్కుమంది ధనవంతులు గావున వారికి అప్పుల బాధ లేకపోవచ్చును. కాని వారి బిడ్డ చేతిలోని ఖరీదైన వస్తువే, అదే తరగతిలో నున్న పేదబిడ్డ తల్లికి మరుసటి యేటి అప్పగునని వారికి తోచదు. కలిగినవారి కొనుగోలు లేనివారిపై పన్నుగ మారు విధమిది.

దీనికి చట్టము కొంత తోడ్పడగలదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రము 1980 నుండి పదుమూడేండ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించినది. ఆటబొమ్మల వ్యాపార సంస్థ యొకటి ఎదిరింపగా, 1989లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించెను. స్వీడన్ దేశము 1991 నుండి తన టెలివిజనులో పన్నెండేండ్లలోపు వారికై ప్రకటనలను అనుమతింపదు. బిడ్డ చెవిలో వర్తకుడు ఊదుటను ఆపుట ప్రభుత్వము చేయదగిన పని. తల్లి మనసులోని భయమును పోగొట్టుట మాత్రము ప్రభుత్వము వలన గాదు. అది తోడి తలిదండ్రుల చేతిలోనున్నది.

అందుచేత ఈ ప్రసంగము వినుచున్న తలిదండ్రులకు, ముఖ్యముగ కలిగిన ఇండ్లవారికి, మూడు మనవులు. క్రిస్మస్ తాత పేరిట ఇచ్చునది చిన్నదిగా నుండనిండు. సైకిలో, యంత్రమో కొన్నచో అది అమ్మ నాన్న కష్టార్జితముతో కొన్నదని బిడ్డకు చెప్పుడు. సెలవులు ముగిసి బడి తెరచిన దినమున ఎవరికేమి వచ్చెనని అడుగవలదని, సెలవులలో ఎవరితో ఏమి ఆడితిరని అడుగుమని పంతులమ్మకు మర్యాదగా చెప్పుడు. బంధువులతోను, బిడ్డ తరగతిలోని తోడి తలిదండ్రులతోను కూర్చుండి, ఈ యేడు ఒక్కొక్క బిడ్డకు ఇంతకు మించి కొనమని ఒక మొత్తమును నిర్ణయించుకొనుడు. ఆ మాట పేదవాడు ముందుగ ఎత్తలేడు, ఎత్తవలసినవారు మీరే. నవంబరు నెల దాటకముందే ఎత్తుడని ప్రార్థించుచున్నాను.